ఎండను రాయబోయే యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. మిరప కల్లంలో మిట్టమధ్యాహ్నాన్ని వర్ణించడానికి తొలి పేరా మొత్తాన్ని నిప్పులు చెరిగే సూర్యుడికే అప్పగించావు. భాష బాగానే ఉంది కానీ ఎండ మాత్రం తగల్లేదు. ఎందుకో చెప్పడానికి, నేటి బెల్జియం ప్రాంతపు చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ 1565లో ఆంట్వెర్ప్ వర్తకుడు నికొలాస్ యోంగెలింక్ కోసం ఋతువుల వరుసలో వేసిన ‘కోత కూలీలు’ చిత్రాన్ని నీ ముందుంచుతున్నాను. అది ఇప్పుడు న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

అందులో సూర్యుడు ఎక్కడా కనిపించడు. ఆకాశం కూడా మెరవదు, ఆవిరి పట్టినట్టు పాలిపోయి ఉంటుంది. వేడి అంతా మనుషుల ఒంట్లోనే తెలుస్తుంది. చెట్టు మొదట్లో ఒకడు కాళ్లు బార్లా చాపి ఒళ్లు తెలియకుండా నిద్రపోతుంటే, పక్కనే కొందరు చతికిలబడి రొట్టె తింటుంటారు. చేను మధ్య కోతతో ఏర్పడిన బాట వెంట ఇంకొకడు కూజాలు మోసుకొస్తుంటాడు. వీళ్లు తింటుండగానే ఎడమ పక్కన మిగిలినవాళ్లు కోస్తూనే ఉంటారు. నా దృష్టిలో చిత్రానికి ప్రాణం అక్కడే ఉంది: నీడ అందరికీ ఒకేసారి దొరకలేదు.

రంగు విషయంలోనూ బ్రూగెల్‌ది గొప్ప పొదుపు. కోయని గోధుమ చేనును గోడలా నిలిచిన ఒకే పసుపు ముద్దగా ఉంచి, దాని వెనక లోయను లేత ఆకుపచ్చలోకీ, ఆపైన ఓడలున్న నీటిని మసక బూడిద రంగులోకీ జారవిడిచాడు. దూరాన చెరువులో మునకలేస్తున్నవాళ్లను చీమలంత చేసి వదిలేశాడు.

అంతకు రెండేళ్ల ముందు ఇటలీ చిత్రకారుడు ఆర్చింబోల్డో కూడా వేసవిని చిత్రించాడు. దోసకాయ ముక్కు, పండ్ల బుగ్గలు, ధాన్యపు వెన్నుల చొక్కా తొడిగిన మనిషి ముఖమది. ఆ చొక్కా కాలరులోనే తన పేరునూ అల్లేశాడు. చమత్కారంలో అతనికి సాటి లేదు, కానీ చూసినవాడికి గుర్తుండేది చిత్రకారుడి తెలివే తప్ప వేసవి కాదు. నీ ఉపమానాలు ఆ దారిన పోతున్నాయని నా అనుమానం.

రెండో పేజీలో కూలీలు అన్నాలకు కూర్చున్న ఘట్టం ఉంది. ఎవరెవరు తిన్నారో రాశావు. ఆ వేళ కల్లంలో ఇంకా తాలుకాయలు ఏరుతున్నది ఎవరో రాయలేదు. అది రాసి పంపు. సూర్యుడి పేరా కొట్టేయాలో వద్దో అప్పుడు నీకే తెలుస్తుంది.