ఈత నీరా, గబ్బిలం కొరికిన జామ: మీ ప్రశ్నలు - మా జవాబులు

ప్రశ్న: చలికాలంలో తెల్లవారుజామున దించిన ఈత నీరా తాగడం మాకు అలవాటు. గబ్బిలాల వల్ల అందులోకి, ప్రాణాంతక మెదడువాపు తెచ్చే నిపా వైరస్ వస్తుందంటున్నారు. నిజమేనా? పులిసిన కల్లయితే ఫర్వాలేదా?
- ఓ పాఠకుడు, జనగామ

బంగ్లాదేశ్‌లో 2001 నుంచి దాదాపు ఏటా చలికాలంలో నిపా కేసులు బయటపడుతున్నాయి. వాటికి ముఖ్య కారణం పచ్చి ఈత రసమే. అక్కడ గీసేదీ మన ఈత చెట్టునే. సాయంత్రం కాండాన్ని చెక్కి కుండ (లొట్టి) కడతారు. రాత్రిపూట ఏం జరుగుతోందో పరారుణ కెమెరాలతో చూస్తే, పండ్ల గబ్బిలాలు గాటు దగ్గర వాలి కారే రసాన్ని నాకుతూ, అక్కడే మూత్రం పోస్తూ కనిపించాయి. వైరస్ వాటి ఎంగిలిలోనూ మూత్రంలోనూ ఉండొచ్చు. రసం రంగు, రుచి మాత్రం మారవు.

లొట్టి మూతికి గుడ్డ కడితే చాలదు. పైన నాకిన ఎంగిలి ధారతో పాటే గుడ్డలోంచి దిగిపోతుంది. వెదురు బద్దల తడికను గాటు, ధార, లొట్టి మూతి మూడూ మూసుకునేలా పొద్దు గుంకకముందే కట్టాలి. బంగ్లాదేశ్‌లో ఇలా కట్టినచోట గబ్బిలాలు రసాన్ని తాకడం దాదాపు ఆగింది. పక్కన సందు వదిలితే మాత్రం కట్టీ దండగే.

పులుపును నమ్ముకోవద్దు. కల్లులో ఆల్కహాల్ సుమారు 5 శాతమే; చేతులకు రాసుకునే శానిటైజర్‌లో కనీసం 60 శాతం ఉండాలి. పులిసిన ఈత రసం తాగినవాళ్లకూ బంగ్లాదేశ్‌లో నిపా సోకింది. ఐసు పెట్టినా చావదు. ఈత రసాన్ని పోలిన చక్కెర ద్రావణంలో, 22 డిగ్రీల దగ్గర ఈ వైరస్ కనీసం 7 రోజులు నిలిచినట్టు ప్రయోగాల్లో తేలింది. లొట్టికి పూసే సున్నం పులియకుండా ఆపడానికే, వైరస్‌కు మందు కాదు.

పనిచేసేది పొయ్యి. తెర్లేదాకా కాచి తాగండి. గంటల తరబడి కాచే బెల్లంతో భయం లేదు. కాచిన రసంలో పచ్చి రసం ముంచిన గ్లాసునే మళ్లీ ముంచితే మాత్రం కాచిన ఫలం పోయినట్టే.

ప్రశ్న: పెరట్లో గబ్బిలం కొరికిన జామకాయను, కొరికినంత మేర కోసేసి పిల్లలకు పెట్టొచ్చా?
- ఓ పాఠకురాలు, తెనాలి

వద్దు. ఎంగిలి గుజ్జులోకి ఎంత లోతుకు ఇంకిందో కంటికి తెలియదు. పంటిగాటు, గోటిగీత ఉన్న కాయను మొత్తంగా పారేయండి. పందులకో మేకలకో వేయకండి. 1998-99లో మలేషియాలో ఈ జబ్బు పందుల నుంచే మనుషులకు పాకి వందమందికి పైగా చనిపోయారు. రాలిన కాయలను చేతికి కవరు తొడుక్కుని ఏరి గోతిలో పూడ్చి, సబ్బుతో చేతులు కడుక్కోండి. గాటు లేని కాయను బాగా కడిగి, తొక్క తీసి తినొచ్చు.

ప్రశ్న: మరి మా ఊరి మర్రిమీది గబ్బిలాలను తరిమేస్తే పోదా?
- ఓ పాఠకుడు, పాడేరు

తరిమితే చెదిరి పక్క ఊరి తోటల్లో పడతాయి. బెదిరిన గబ్బిలాలు వైరస్‌ను ఎక్కువగా విసర్జించే ప్రమాదమూ ఉంది. పైగా ఇప్ప, బూరుగ పూలకు పరాగం మోసేది అవే. ఆ చెట్టు కింద వంటలు, భోజనాలు పెట్టకండి. దగ్గర్లోని బావికి మూత వేయించండి.