సమాధానం: ట్రెమేలో ఆడియో టూర్ ఆగిపోతుంటే

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో, నల్లజాతి వాళ్ల పాత పేట ట్రెమేలో నడుస్తుంటే ఫోన్ యాప్‌లోని ఆడియో టూర్ మాటిమాటికీ ఆగిపోయిందని, సగంలోనే వచ్చేశామని రాశారు కదండీ. నాకూ స్క్రీన్ ఆఫ్ అవగానే ఆగిపోయేది. బస చేసిన చోట వైఫైలోనే టూర్ మొత్తం డౌన్‌లోడ్ చేసుకోండి, ఆ యాప్‌కి బ్యాటరీ సేవర్ తీసేయండి.

కాంగో స్క్వేర్ అనే మైదానంతో మొదలుపెట్టండి. ఆదివారాల్లో బానిసలు డప్పులు వాయించి ఆడిపాడింది అక్కడే. తర్వాత 1842 నాటి సెయింట్ అగస్టిన్ చర్చి. స్వేచ్ఛ ఉన్న నల్లజాతి వాళ్లు తమకే కాక బానిసలు కూర్చోవడానికి కూడా ఇక్కడ బెంచీలకు డబ్బు కట్టారు. గోడ పక్కనే అజ్ఞాత బానిస సమాధి అనే స్మారకం, ఒరిగిన పెద్ద గొలుసుల శిలువ, దానికి వేలాడే సంకెళ్లు. అక్కడ మాత్రం ఇయర్‌ఫోన్ తీసేయండి.

చివర్లో క్లెయిబోర్న్ అవెన్యూ. 1960లలో హైవే కోసం అక్కడి ఓక్ చెట్లు కొట్టేశారు. ఆ హైవే ఫ్లైఓవర్ కింద హోరులో ఏమీ వినపడదు, ఆ భాగం ముందే వినేసి వెళ్లండి. స్తంభాల మీద ఓక్ చెట్ల బొమ్మలు కనిపిస్తాయి, చూడండి.