డబ్బా మారిస్తే కేబుళ్లూ మార్చాలి, అమ్మలూ

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు జీతంలోంచి దాచుకున్న డబ్బుతో మన పాత కంప్యూటర్‌కి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొంటున్నావని చెప్పాడు. ఎంత సంతోషం వేసిందో! 2017లో ఆ మెషీన్ బిగిస్తుంటే పక్కన మోకాళ్ల మీద కూర్చుని టార్చిలైటు పట్టుకున్నది నువ్వే. చెయ్యి లాగుతుంటే ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నావు తప్ప లైటు దించలేదు. ఇప్పుడు కార్డుతో పాటు ఎస్‌ఎంపీఎస్ కూడా, అదే లోపలి భాగాలన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా, నువ్వే మారుస్తావట. చాలా గర్వంగా ఉందమ్మా.

ఫోన్ పెట్టేసే ముందు మీ నాన్న ఇంకో మాట అన్నాడు. "పెద్దనాన్న కేబుళ్లన్నీ నీట్‌గా కట్టి పెట్టాడు కదా, వాటిని విప్పడం ఎందుకు, డబ్బా ఒక్కటే మార్చి ఆ కేబుళ్లే గుచ్చేస్తానంటోంది" అని. గుండె గుభేలుమంది. రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. పొద్దున్నే నీకు ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్‌లో చెబితే "సరే పెద్దనాన్నా" అని పెట్టేస్తావు, పనిలో పడి మర్చిపోతావు. అందుకే రాస్తున్నాను. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఇంకోసారి చదువుకో.

ముందు కార్డు సంగతి. అసలు అడ్డుపడుతున్నది పాత కార్డేనా అని చూసుకున్నావా? నువ్వు ఎక్కువగా ఆడే గేమ్ తెరిచి, వీ-సింక్ (ఫ్రేములని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగు) ఆపేసి, టాస్క్ మేనేజర్‌లో జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు, వాడకం ఎంతుందో చూడు. 95 శాతం పైనే ఉంటే కార్డుకి ఇక శక్తి లేదని అర్థం. 60, 70 దగ్గర తిరుగుతూ గేమ్ ఆగి ఆగి నడుస్తుంటే మాత్రం ప్రాసెసర్‌ని అనుమానించాలి. రిజల్యూషన్ తగ్గించి కూడా చూడు. సెకనుకి వచ్చే ఫ్రేములు పెరిగితే కార్డు లోపం, ఎంత తగ్గించినా అక్కడే ఉంటే ప్రాసెసర్ లోపం.

మన రైజెన్ 5 1600 ఆ రోజుల్లో మంచి ప్రాసెసరే, ఆరు కోర్లు. కానీ ఇప్పుడు దాని పక్కన పెద్ద కార్డు పెడితే, ఆ కార్డు సగం టైము పని లేక కూర్చుంటుంది. నువ్వు మూడు ఫ్యాన్ల కార్డు ఒకటి చూస్తున్నావని మీ నాన్న చెప్పాడు. మనది 1080పీ మానిటర్, అంత కార్డు దానికి అక్కర్లేదు. ఆ డబ్బులో కొంత ప్రాసెసర్‌కి పెట్టు. మనలాంటి 300 సిరీస్ మదర్‌బోర్డుల మీద కూడా రైజెన్ 5000 ప్రాసెసర్లు నడిచేలా 2022లో ఏఎండీ అవకాశం ఇచ్చింది. మన బీ350 బోర్డు మోడల్‌కి ఆ బయాస్ (బోర్డులోనే ఉండి మెషీన్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం) వచ్చిందో లేదో తయారీదారు సైట్‌లో చూడు. వచ్చి ఉంటే రైజెన్ 5 5600 వేసుకోవచ్చు, బోర్డూ ర్యామూ అలాగే ఉంటాయి. బయాస్ అప్‌డేట్ పాత ప్రాసెసర్ ఉండగానే చెయ్యాలి, కొత్తది పెట్టాక కాదు.

మెమరీ దగ్గర మాత్రం తక్కువకి ఒప్పుకోకు. మన పాత కార్డు జీటీఎక్స్ 1060, 3 జీబీది. 2016లో అదే పేరుతో 6 జీబీది కూడా ఉండేది. చాలామంది తేడా మెమరీలోనే అనుకున్నారు, కానీ 3 జీబీ దాంట్లో కోర్లు 1152, 6 జీబీ దాంట్లో 1280. పేరొక్కటే చూసి కొనకూడదని ఇందుకే అంటాను. ఇప్పుడు ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కూడా ఒక్కొక్కటి 8 జీబీలోనూ 16 జీబీలోనూ దొరుకుతున్నాయి. నాలుగైదేళ్లు వాడుకోవాలంటే 16 తీసుకో. కార్డులో మెమరీ నిండిపోతే మిగతాది స్లాట్ గుండా ర్యామ్ నుంచి తెచ్చుకోవాలి. మన బోర్డు మీద ఆ స్లాట్ పీసీఐఈ 3.0, పాత తరంది, ఆ దారి ఇరుకు. పైగా ఆ దారిలో ఉండే పదహారు లేన్లలో (వరసల్లో) 5060 టీఐ ఎనిమిదే వాడుతుంది, 9060 ఎక్స్‌టీ పదహారూ వాడుతుంది. నన్నడిగితే మన బోర్డుకి ఆ రెండోదే నయం. ఇంటెల్ ఆర్క్ కార్డుల జోలికి ఇప్పుడు వెళ్లకు, వాటికి రీసైజబుల్ బార్ (ప్రాసెసర్ కార్డు మెమరీ మొత్తాన్ని ఒకేసారి చూడగలిగే సౌకర్యం) ఉంటేనే సత్తా బయటపడుతుంది.

కార్డు పొడవు పడుతుందో లేదో, క్యాబినెట్‌లో ముందు ఫ్యాన్ నుంచి వెనక స్లాట్ వరకు టేపు పెట్టి కొలుచుకో. ర్యామ్ ఇంకా 8 జీబీ ఒక్క స్టిక్కే అయితే ఇంకో స్టిక్ వెయ్యి, రెండు ఉంటేనే డ్యూయల్ ఛానల్, అంటే ర్యామ్ రెండు దారుల్లో ఒకేసారి పనిచేస్తుంది.

ఇక కరెంటు సంగతి. స్లాట్ నుంచి కార్డుకి అందేది మహా అయితే 75 వాట్లు. ఆరు పిన్నుల కేబుల్ ఇంకో 75, ఎనిమిది పిన్నుల కేబుల్ 150 ఇస్తుంది. పాత 1060కి 120 వాట్లు చాలు కాబట్టి ఆరు పిన్నులతో సరిపోయింది. 16 జీబీ 9060 ఎక్స్‌టీకి 160 వాట్లు కావాలి. పెద్ద అంకె కాదు, కానీ ఎనిమిదేళ్లు నడిచిన ఎస్‌ఎంపీఎస్‌ని నమ్మవద్దు. దాన్ని మారుస్తున్నావు చూడు, అది చాలా మంచి ఆలోచన. సాటా ప్లగ్‌ని, అంటే డిస్కులకి కరెంటు ఇచ్చే ప్లగ్‌ని, ఎనిమిది పిన్నులుగా మార్చే కన్వర్టర్ ఎవరైనా ఇస్తే తీసుకోకు. సాటా ప్లగ్ 12 వోల్టుల మీద మోయగలిగేది 54 వాట్లే, దాని నుంచి 150 లాగితే కరుగుతుంది. ప్రాసెసర్ ప్లగ్, కార్డు ప్లగ్ రెండూ ఎనిమిది పిన్నులవే, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కార్డుది ఆరు ప్లస్ రెండుగా విడిపోతుంది, ప్రాసెసర్‌ది నాలుగు ప్లస్ నాలుగుగా. లోపల 12 వోల్టులు, గ్రౌండ్ తలకిందులుగా ఉంటాయి. బలంగా తోస్తే తప్ప దిగడం లేదంటే ఆగిపో.

ఇప్పుడు కేబుళ్లు. ఈ విషయం నీకు ఎప్పుడూ చెప్పలేదు, మీ నాన్నకి కూడా సగమే తెలుసు.

2010లో నేనూ సరిగ్గా నువ్వు చేద్దామనుకుంటున్నదే చేశాను. కొత్త కార్డు కొన్నాను, పాత ఎస్‌ఎంపీఎస్ దాన్ని మొయ్యలేక గేమ్ మధ్యలో మెషీన్ ఆఫ్ అయిపోతోంది. కొత్త ఎస్‌ఎంపీఎస్ తెచ్చాను. పాతదీ మాడ్యులరే, కొత్తదీ మాడ్యులరే, అంటే కేబుళ్లు డబ్బా నుంచి ఊడదీసి పెట్టుకోవచ్చు. కేబుళ్లు పాతవి బోర్డు వెనక నుంచి తిప్పి, ఒక్కో మలుపు దగ్గర టై వేసి కట్టుకున్నాను. వాటిని కోయబుద్ధి కాలేదు. హార్డ్ డిస్కుల కేబుల్ చివర కొత్త డబ్బా సాకెట్ దగ్గర పెట్టి చూశాను. ఆరు పిన్నులు, అదే ఆకారం. నొక్కగానే దిగింది, టిక్‌మంది. దిగింది కదా, సరైనదేనని అనుకున్నాను.

డిస్కు వైపు ప్లగ్ ఎవరు చేసినా ఒకటే, దానికి ప్రమాణం ఉంది. డబ్బా వైపు ఏ ప్రమాణమూ లేదు. ఏ పిన్నులో 5 వోల్టులు, ఏ పిన్నులో 12 వోల్టులు అనేది తయారీదారు ఇష్టం. ఒకే కంపెనీ రెండు మోడళ్లలో కూడా వేరుగా ఉండొచ్చు. నాకు ఆ రోజు అది తెలియదు. స్విచ్ వేశాను. 5 వోల్టులు వెళ్లాల్సిన తీగలో 12 వోల్టులు వెళ్లాయి. ఫ్యాన్లు ఒక్క చుట్టు తిరిగి ఆగిపోయాయి. ఒక్క క్షణం ఏమీ తెలియలేదు. తర్వాత వాసన వచ్చింది, కాలిన ప్లాస్టిక్‌లో ఏదో పుల్లటి వాసన కలిసినట్టు. వెంటనే ప్లగ్ పీకేశాను. డిస్కు కింద ఉండే ఆకుపచ్చ బోర్డు మీద, గోరంత నల్లటి చిప్ ఒకటి మధ్యలో పగిలి ఉంది.

నాకు టెన్షన్ వచ్చినా ధైర్యంగానే ఉన్నాను, ఎందుకంటే బ్యాకప్ ఉంది. ప్రతి నెలా తప్పకుండా రెండో డిస్కులోకి కాపీ చేసేవాణ్ని. ఆ రెండో డిస్కు అదే క్యాబినెట్‌లో, అదే కేబుల్‌కి ఉన్న రెండో ప్లగ్‌లో ఉందని ఎంతసేపటికి గుర్తొచ్చిందో తెలుసా? దాన్ని తీసి తిప్పి చూసేసరికి దాని మీద కూడా అదే మచ్చ.

ఆ డిస్కుల్లో మీ నానమ్మ గొంతు ఉంది. చివరి రోజుల్లో మంచం పక్కన చిన్న రికార్డర్ పెట్టి మాట్లాడించేవాణ్ని. తన చిన్నతనం, తాతయ్యతో మొదటి పోట్లాట, మధ్యలో ఆయాసం, మళ్లీ మొదలు. నువ్వు మంచం ఎక్కబోతుంటే నిన్ను పిలుస్తున్న పిలుపు కూడా అందులో ఉంది. "అమ్మలూ" అని నిన్ను మొదట పిలిచింది తనే. మేమందరం తన దగ్గర నేర్చుకున్నదే. తను 2008లో పోయింది, నీకు నాలుగేళ్లు. ఆ గొంతు నీకు గుర్తుండదు.

తర్వాత చేసినది ఇంకా పెద్ద తప్పు. అదే మోడల్ డిస్కు ఇంకొకటి వెతికి కొని, దాని బోర్డు ఊడదీసి మా డిస్కుకి బిగించాను. కాలిన బోర్డులు రెండూ చెత్తలో పడేశాను. డిస్కు తిరిగింది, కానీ లోపల టక్, టక్ అని కొట్టుకుంటూనే ఉంది, ఏమీ చదవలేదు. అప్పుడు తీసుకెళ్లాను రిపేరు చేసే ఆయన దగ్గరికి. ఆయన చూసి మొదట అడిగిన మాట, "పాత బోర్డు ఏదండీ?" అని. ఒక్కో డిస్కుకి దాని సొంత లెక్కలు కొన్ని ఉంటాయట, అవి ఆ బోర్డు మీద చిన్న చిప్‌లో రాసి ఉంటాయట. ఆ చిప్‌ని కొత్త బోర్డు మీదికి మారిస్తే డిస్కు చదివేదేమో. ఆ చెత్త ఎత్తుకుపోయి అప్పటికి మూడు వారాలైంది. ఆ రెండు డిస్కులూ ఇప్పటికీ నా బీరువాలో గుడ్డలో చుట్టి ఉన్నాయి. పారెయ్యలేను.

ఇది నిన్ను భయపెట్టడానికి రాయలేదమ్మా. నీ డిస్కులో ఏముందో నాకు తెలియదు, కాలేజీ ఫోటోలో, ఎవరి మాటలో. నీకు ముఖ్యమైనదేదో ఉండే ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు దాన్ని బయటి డిస్కులోకి కాపీ చేసి, ఆ డిస్కు పీకి వేరే గదిలో పెట్టు. ఆ తర్వాతే క్యాబినెట్ తలుపు తియ్యి.

నేను కట్టిన టైలన్నీ కోసెయ్యి. కోసేటప్పుడు నా మీద జాలి పడకు. పాత కేబుల్ ఒక్కటి కూడా మిగలకుండా తీసి, పాత డబ్బాతోనే కలిపి కట్టేసి పెట్టు. అటక మీద ఉన్న కేబుళ్ల పెట్టె అసలు దింపకు. కొత్త డబ్బాతో వచ్చిన కేబుళ్లే వాడు, అవి పొట్టిగా ఉన్నా, వంకరగా ఉన్నా సరే. పాత ఎస్‌ఎంపీఎస్‌ మూత మాత్రం ఎప్పుడూ విప్పకు, ప్లగ్ తీసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. ఈ విషయంలో నువ్వు నా మాట వినకపోతే నిజంగానే కోప్పడతాను.

మిగతావి నీకు తెలిసినవే. పాత డ్రైవర్ తీసెయ్యి, ప్లగ్ పీకి పవర్ బటన్ ఒకసారి నొక్కు, క్యాబినెట్ ఇనుము ముట్టుకుని చెయ్యి పెట్టు, స్లాట్ చివర లాచ్ నొక్కి పాత కార్డు తియ్యి, మానిటర్ కేబుల్ బోర్డుకి కాకుండా కార్డుకే పెట్టు.

పవర్ ప్లగ్ కార్డులోకి పూర్తిగా దిగిందో లేదో మాత్రం రెండుసార్లు చూడు. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల కనెక్టర్లు కొన్ని కరిగిపోయాయి, ప్లగ్ సరిగ్గా దిగకపోవడం దానికి ఒక కారణం. నీ కార్డు అంత కరెంటు లాగదు, అయినా సరే.

ఆదివారం చేస్తావని మీ నాన్న చెప్పాడు. ఆ రోజు నేను ఎక్కడికీ వెళ్లను. కేబుల్ పెట్టే ముందు ఫోన్ స్పీకర్‌లో పెట్టి కార్డు పక్కనే ఉంచు. ప్లగ్ టిక్‌మన్నది నేను కూడా వినాలి. స్విచ్ అప్పుడు వేద్దువుగాని.

మీ పెద్దనాన్న