తెల్ల గుర్రానికి నల్ల గడ్డలు, ఎర్ర గుర్రానికి మానని పుండు: రెండూ ఒకే జబ్బా?

ప్రశ్న: మాకు రెండు గుర్రాలున్నాయి సార్. పెళ్లి బరాత్‌లకు తిప్పుతాం. తెల్లది ఆడది, పదహారేళ్లుంటాయి. పుట్టినప్పుడు నల్లగా ఉండేదని అమ్మినాయన చెప్పాడు. రెండేళ్లుగా దాని తోక కింద రేగుపండంత నల్ల గడ్డలు నాలుగైదు లేచాయి. నొప్పి ఉన్నట్టు లేదు. రెండోది ఎర్రది, ఐదేళ్లది. జీను పట్టీ ఒరుసుకుని ముందుకాలి వెనక పుండు పడింది. అది మానలేదు సరికదా, ఎర్రటి కండలా పెరిగి నెత్తురు కారుతోంది. రెండూ ఎద్దులతోపాటు ఒకే కొట్టంలో ఉంటాయి. ఒక ఎద్దుకు మెడ మీద పులిపిర్లున్నాయి. తెల్లదాని నుంచి ఎర్రదానికి అంటుకుందని అందరూ అంటున్నారు. వాత పెట్టించమని ఒకరు, మైలుతుత్తం అద్దమని ఒకరు. ఏం చేయాలి? తెల్లదాన్ని ఈ ఏడు దాటించవచ్చా? ఫొటోలు పంపుతున్నాను.
– ఒక రైతు, చేవెళ్ల ప్రాంతం

జవాబు: మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే అక్కరకొచ్చిన మాటలు రెండు. తెల్లది నల్లగా పుట్టిందన్నది ఒకటి, ఎద్దు మెడ మీద పులిపిర్లన్నది ఇంకొకటి. ఆ మాటలూ ఫొటోలూ కలిపి చూస్తే తెల్లదానిది మెలనోమా, ఎర్రదానిది సార్కాయిడ్ అనిపిస్తోంది. రెండూ చర్మపు కణితులే. కానీ మొదటిది గుర్రం సొంత జన్యువులోంచి వచ్చింది, రెండోది చాలావరకు మీ ఎద్దుల వైపు నుంచి వచ్చి ఉంటుంది. తెల్లదాన్ని ఆడిపోసుకోకండి.

నల్లగానో ఎర్రగానో పుట్టి, కొన్నేళ్లకు వెంట్రుకంతా నెరిసి, చర్మం మాత్రం నల్లగానే మిగిలే గుర్రాలన్నిటిలోనూ 25వ క్రోమోజోము మీద ఒకే మార్పు కనిపిస్తుంది. సింటాక్సిన్-17 అనే జన్యువు నడుమ సుమారు 4,600 డీఎన్‌ఏ అక్షరాల ముక్క ఒకటి పక్కపక్కనే మళ్లీ మళ్లీ అచ్చుపడి ఉంటుంది. స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయానికి చెందిన లీఫ్ ఆండర్సన్ బృందం 2008లో దీన్ని బయటపెట్టింది. 2024లో మరో మెలిక తెలిసింది. ఆ ముక్క రెండుసార్లుంటే గుర్రం నింపాదిగా నెరుస్తుంది, మూడుసార్లుంటే త్వరగా నెరుస్తుంది. మెలనోమా బెడద ఈ మూడింటి రకంతోనే ముడిపడి ఉంది.

ఆ ముక్క నేరుగా ఏ ప్రొటీన్‌నూ తయారు చేయదు. అదొక స్విచ్చు, అదీ రంగు కణాల్లోనే పనిచేసే స్విచ్చు. స్విచ్చులు ఎక్కువయ్యేసరికి సింటాక్సిన్-17తోపాటు పొరుగునున్న ఎన్ఆర్4ఏ3 జన్యువు కూడా మోతాదు మించి పనిచేస్తుంది. రంగు కణాలు తొందర తొందరగా రెట్టింపవుతాయి. వెంట్రుక కుదుళ్లలో ఉన్న నిల్వ ఆ తొందరకు ముందుగానే ఖర్చయిపోతుందని, నెరుపు అందుకే వస్తుందని శాస్త్రవేత్తల అంచనా. చర్మంలోని కణాలకు ఆ అడ్డు లేదు, పెరుగుతూ పోయి గడ్డ కడతాయి. బరాత్‌లో మీకు గిరాకీ తెచ్చిన తెలుపూ, తోక కింది నలుపూ ఒకే చోట పుట్టాయన్నమాట.

నల్లగా పుట్టడం దేనికి ముఖ్యమంటే, రంగు కణాన్ని అదుపులో పెట్టే అగౌటి అనే ప్రొటీన్ అలాంటి గుర్రాల్లో పనిచేయదు. దాంతో ఆ కణాల మీద ఒత్తిడి ఇంకాస్త పెరుగుతుంది. మనుషుల్లో మెలనోమాకు ఎండతో చాలా సంబంధం ఉంది. ఇక్కడ చూడండి, ఎండ పొడ తగలని తోక కిందే మొదలవుతుంది. పదిహేనేళ్లు దాటిన నెరిసిన గుర్రాల్లో 70–80 శాతానికి ఈ గడ్డలుంటాయి కాబట్టి మీరు కంగారు పడాల్సిన పని లేదు. పుట్టుకతోనే తెల్లగా, గులాబీ చర్మంతో ఉండే నుక్రా గుర్రాలది ఈ లెక్క కాదు. వాటికి ఎండే శత్రువు, కంటి చుట్టూ వేరే రకం క్యాన్సర్ వస్తుంది.

ఈ గడ్డలు ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరుగుతాయి. అలాగని 'నొప్పి లేదు కదా' అని వదిలేయడం నాకు నచ్చదు. చిన్నగా ఉన్నప్పుడు తీయించడం సులువు. ద్రాక్ష గుత్తిలా కలిసిపోయి పేడ వేయడానికి అడ్డుపడ్డాక తీయడం సర్జన్‌కూ కష్టమే. మీవి ఇంకా విడివిడిగా ఉన్నాయి, ఈ సీజన్ పెళ్లిళ్లు కాగానే తీయించండి. నెలకోసారి ఫొటో తీసి పెట్టుకోండి. పెదవులు, దవడ మూల, కనురెప్పలు కూడా తడిమి చూడండి. చిక్కిపోవడం, మాటిమాటికీ కడుపునొప్పి, వెనక కాళ్లు తూలడం కనిపిస్తే లోపలికి పాకిందేమోనని అనుమానించాలి.

అసలు తొందర ఎర్రదానితోనే. సార్కాయిడ్‌ను 1936లో దక్షిణాఫ్రికాలో జాక్సన్ అనే శాస్త్రవేత్త మొదట వర్ణించాడు. గుర్రాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే చర్మపు కణితి ఇదే. దీనికి కారణం పశువులకు పులిపిర్లు తెచ్చే పాపిలోమా వైరస్, ముఖ్యంగా 1, 2 రకాలు. పశువులో అది పులిపిరి పెట్టి, చాలాసార్లు తనంతట తానే పోతుంది. గుర్రం దానికి పరాయి ఇల్లు. పుండులోంచి దూరి, చర్మం కింది పీచు కణాల్లో డీఎన్‌ఏగా తిష్ఠ వేస్తుంది కానీ కొత్త వైరస్‌లను తయారు చేసుకోలేదు.

అక్కడ అది తయారు చేసే ఇ5 అనే ప్రొటీన్ కేవలం 44 అమైనో ఆమ్లాల పొడవు. ఇంత చిన్నదీ పెద్ద మోసమే చేస్తుంది. పుండు మానడానికి 'పెరుగు' అనే కబురు అందుకునే గ్రాహకం ఒకటి పీచు కణం మీద ఉంటుంది. ఇ5 రెండు గ్రాహకాలను జతకట్టి, కబురు రాకుండానే వచ్చినట్టు నమ్మిస్తుంది. కణాలు ఆగకుండా పెరుగుతాయి. పైగా రోగనిరోధక కణాలకు 'ఇక్కడ దొంగ ఉన్నాడు' అని చూపించే గుర్తులను కణం లోపలే ఆపేస్తుంది. పుండు మానకుండా కండగా మారడం ఇందువల్లే. ఈగల్లోనూ ఈ వైరస్ డీఎన్‌ఏ దొరికింది, మీ కొట్టంలో అవి ఎద్దు మీద వాలి గుర్రం మీదికి వస్తూనే ఉంటాయి కదా.

ఇప్పుడు వాతల సంగతి. దయచేసి వద్దు. సార్కాయిడ్‌ను సగం కాల్చినా, సగం కోసినా, తుత్తంతో గెలికినా మిగిలిన భాగం రెచ్చిపోయి ముందుకంటే వేగంగా పెరుగుతుంది. ముక్క కోసి పరీక్షకు పంపడం కూడా చికిత్స సిద్ధంగా పెట్టుకున్నాకే చేయాలి. ముందు పుండు పైనుంచి దూదితో తుడిచి తీసిన నమూనాలో వైరస్ డీఎన్‌ఏను పీసీఆర్‌తో వెతకవచ్చు. పురుగుల వల్ల వచ్చే వేసవి పుండ్లు, మామూలు దుర్మాంసం కూడా ఇలాగే కనిపిస్తాయి. చికిత్సలో కోయడంతో సరిపెడితే తిరిగి రావడం ఎక్కువ. దాంతోపాటు ద్రవ నత్రజనితో గడ్డకట్టించడమో, కణితిలోకి సిస్ప్లాటిన్ అనే క్యాన్సర్ సూది మందో ఉండాలి. సిస్ప్లాటిన్ విషపూరితమైన మందు, డాక్టరు చేతిలోనే ఉండాలి.

ఇంకో మాట, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. కాలి వెంట వరసగా గడ్డలు లేచి పగిలి తేనె రంగు చీము కారుతుంటే అది గ్లాండర్స్ అనే బ్యాక్టీరియా జబ్బు కావచ్చు. అది మనుషులకు సోకుతుంది, ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు. మీ ఫొటోలో అలా లేదు. అయినా బరాత్‌లో పిల్లలు ఎక్కే గుర్రం కాబట్టి రక్త నమూనా ఇవ్వండి. పశుసంవర్ధక శాఖ ద్వారా హిస్సార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపిస్తారు. ఫలితం వచ్చేదాకా ఎర్రదాన్ని ఊరేగింపులకు తిప్పకండి, ఎద్దుల నుంచి వేరు చేసి కట్టండి, పుండు మీద ఈగ వాలకుండా చూడండి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే. రెండింటినీ ఒకేసారి తీసుకెళ్లండి.

తెల్లదాన్ని దాటించడం గురించి. పదహారేళ్ల వయసుకు తోక కింద గడ్డలుంటే ఈనేటప్పుడు ఇబ్బంది పడవచ్చు, అందుకే నేను వద్దనే అంటాను. తప్పదనుకుంటే మగది నెరిసేరకం కాకుండా చూడండి. రెండూ నెరిసేవే అయితే పిల్లకు ఇద్దరి నుంచీ ఆ మార్పు రావచ్చు, అలా వస్తే త్వరగా తెల్లబడుతుంది, గడ్డలకు అవకాశమూ ఎక్కువవుతుంది. నెరవని మగదానితో దాటిస్తే, మీదానికి ఆ జన్యువు ఒక్క వైపు నుంచే వచ్చి ఉన్నప్పుడు, పిల్ల నెరవకుండా ఉండే అవకాశం సగానికి సగం. బరాత్‌కు తెల్లదే కావాలంటారు, నాకు తెలుసు. ఆ బేరం మీరే తేల్చుకోవాలి.