తీరరేఖ కొలిచే ప్రాజెక్టుతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: డిగ్రీ మ్యాథ్స్ రెండో ఏడాది చదువుతున్నాను. మ్యాప్ డేటాతో బ్రిటన్ పశ్చిమ తీరానికి ఫ్రాక్టల్ డైమెన్షన్ (గీత ఎంత వంకరటింకరగా ఉందో చెప్పే సంఖ్య) లెక్కగట్టే ప్రాజెక్టు తీసుకున్నాను. పుస్తకాల్లో 1.25 అని ఉంది, నాకు 1.08 వస్తోంది. ఇంట్లోవాళ్లేమో ‘దీంతో ఉద్యోగం వస్తుందా?’ అంటున్నారు. టాపిక్ మార్చుకోవాలా?

జవాబు: మార్చొద్దు. ఆ 1.08 ఎందుకు వచ్చిందో కనుక్కుంటే ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిన జవాబు కూడా సగం దొరుకుతుంది.

ఏ ఫైలు వాడారో మీరు రాయలేదు. ముందు అది చూడండి. నేచురల్ ఎర్త్ అనే మ్యాప్ డేటా వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే తీరరేఖలు మూడు స్కేళ్లలో ఉంటాయి: 1:1 కోటి, 1:5 కోట్లు, 1:11 కోట్లు. చివరిది సైజులో చిన్నది కాబట్టి దాన్నే డౌన్‌లోడ్ చేసుకోవాలనిపిస్తుంది. కానీ ఆ మ్యాప్ మీద ఒక మిల్లీమీటరంటే నేల మీద 110 కిలోమీటర్లు. స్కాట్లాండ్ తీరంలో లోపలికి చొచ్చుకొచ్చిన సన్నటి సముద్రపు పాయలు అందులో ఉండవు. అలాంటి గీత మీద మీరు 5 కిలోమీటర్ల అడుగు వేస్తే, అంటే 5 కిలోమీటర్ల కొలబద్దతో కొలుస్తూ వెళితే, అది తీరం మీద పడదు, రెండు బిందువులను కలిపిన సరళరేఖ మీద పడుతుంది. సరళరేఖ డైమెన్షన్ 1. మీ జవాబు ఒకటి వైపు జారడానికి ఎక్కువ అవకాశం ఇక్కడే ఉంది.

కాబట్టి వివరంగా ఉన్న డేటా తీసుకుని, అడుగు పొడవును 200, 100, 50, 25 కిలోమీటర్లుగా తగ్గిస్తూ కొలవండి. అడుగు పొడవు, తీరం పొడవుల లాగరిథమ్‌లతో గీసిన లాగ్-లాగ్ గ్రాఫ్‌లో బిందువులు నిజంగా ఒకే గీత మీద ఉన్న భాగం నుంచే వాలు తీసుకోండి. డైమెన్షన్ వచ్చేది ఆ వాలు నుంచే. డైమెన్షన్ 1.25 అయితే అడుగును సగం చేసిన ప్రతిసారీ పొడవు దాదాపు 19 శాతం పెరగాలి. అక్షాంశ, రేఖాంశాలను డిగ్రీల్లోనే వదిలేసి దూరాలు లెక్కించకండి. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర రేఖాంశంలో ఒక డిగ్రీ దూరం భూమధ్యరేఖ దగ్గరి దాంట్లో సగమే. ఇంకొక్క మాట, అసలు తీరం కన్నా ముందు మీ ప్రోగ్రామ్‌ను, డైమెన్షన్ ముందే తెలిసిన కోఖ్ వక్రం అనే గణిత ఆకారం మీద నడిపి చూడండి. 1.26 రాకపోతే తప్పు మ్యాప్‌ది కాదు, కోడ్‌ది.

ఇక ఉద్యోగం సంగతి. ‘ఫ్రాక్టల్ డైమెన్షన్ తెలిసినవారు కావలెను’ అని ఎవరూ ప్రకటన ఇవ్వరు, ఆ విషయంలో మీవాళ్ల సందేహం సరైనదే. అయితే ఈ లెక్క ఎక్కడ మొదలైందో చూడండి. బ్రిటిష్ శాస్త్రవేత్త లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ దేశాల సరిహద్దుల పొడవులు వెతుకుతుంటే, స్పెయిన్, పోర్చుగల్ మధ్య ఉన్న ఒకే సరిహద్దు ఒకచోట 987 కిలోమీటర్లు, మరోచోట 1,214 కిలోమీటర్లు అని కనిపించింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు, కొలిచిన తీరు వేరు. 1967లో గణిత శాస్త్రవేత్త మాండెల్‌బ్రాట్ బ్రిటన్ తీరం పొడవు గురించి రాసిన వ్యాసానికి ఆధారం రిచర్డ్‌సన్ కొలతలే. జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాప్ డేటాను విశ్లేషించడం), రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాలు, విమానాల నుంచి నేలను పరిశీలించడం), సముద్ర పటాల తయారీ, తీరం కోత అంచనా, వీటన్నిటిలో రోజూ ఎదురయ్యే చిక్కు ఇలాంటిదే. రెండు ఫైళ్లు, రెండు పొడవులు. ఆ తేడా స్కేలు వల్ల వచ్చిందా, నిజంగానే తీరం మారిందా అని తేల్చగలిగినవాళ్లు కావాలి. బటన్లు నొక్కడం వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు. ఇది తేల్చగలిగేవాళ్లు తక్కువనే నా అభిప్రాయం.

దీనికి పైథాన్‌లో జియోపాండాస్, షేప్లీ లైబ్రరీలు, వాటితో పాటు మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ నేర్చుకోండి. మూడూ ఉచితమే. పీజీ విషయంలో తొందరపడొద్దు. ఆ వాలు ఎందుకు ఉంటుందన్న ప్రశ్న నిద్రపట్టనివ్వకపోతే మ్యాథ్స్‌లోనే కొనసాగండి. రెండు మ్యాపులు ఎందుకు కలవడం లేదన్నది వెంటాడితే జియోఇన్ఫర్మాటిక్స్ వైపు వెళ్లండి.

రిపోర్టులో ఆ 1.08ని దాచొద్దు. పాత ఫైలు గ్రాఫు, కొత్త ఫైలు గ్రాఫు పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడ మొదలైందో గుర్తు పెట్టండి. ఇంటర్వ్యూలో ముందు చూపించాల్సిన పేజీ అదే.