ఇమ్యూనిటీ సూదులకు ఒప్పుకునే ముందు

అమ్మాయీ,

మూడోసారీ గర్భం నిలవలేదనీ, "నీ ఇమ్యూనిటీయే బిడ్డను తిప్పికొడుతోంది" అని క్లినిక్‌లో ఇమ్యూనిటీ సూదుల ప్యాకేజీ చెప్పారనీ రాశావు. ప్యాకేజీకి డబ్బు కట్టకు, ముందు ఇది చదువు.

ఆ మాట గట్టిగా నిలబడే జబ్బు యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్, అంటే రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీబాడీలు మన ఒంట్లోనే పుట్టడం. దానికి మూడు రక్తపరీక్షలు: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రోటీన్ యాంటీబాడీలు. జ్వరమొచ్చి తగ్గినా కొన్నాళ్లు పాజిటివ్ చూపించొచ్చు, అందుకే 12 వారాలు ఆగి మళ్లీ చేయించాలి. రక్తం గడ్డకట్టకుండా వేసే హెపారిన్ సూది మొదలయ్యాక లూపస్ ఫలితాన్ని నమ్మలేం, రక్తం ముందే ఇవ్వు. నీలం మూత ట్యూబు గీత దాకా నిండాలి. విశాఖ జగదాంబ దగ్గర ల్యాబుకెళ్లినా సరే, నిండిందో లేదో నిలబడి చూసుకో. మొహమాటం వద్దు.

ఖాయమైతే మందు పాతదే: ఆస్పిరిన్ 75 మి.గ్రా., గర్భం తేలాక రోజూ ఎనాక్సపారిన్ (హెపారిన్ రకం సూదే), మామూలుగా 40 మి.గ్రా. బొడ్డుకు 5 సెం.మీ. దూరంలో చర్మం మడతపట్టి నిటారుగా గుచ్చు. మందు నింపి వచ్చే సిరంజిలో గాలి బుడగ తీసేయకు, తీస్తే మందు కూడా పోతుంది. గుచ్చిన చోట రుద్దితే కమిలిపోతుంది. ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ. కాన్పు నొప్పులు మొదలైతే ఆ పూట సూది ఆపి ఆస్పత్రికి వెళ్లు. చివరి సూది ఎన్నింటికి వేశావో మత్తు డాక్టరుకు చెప్పాలి, వెన్నులో మత్తుకు కనీసం 12 గంటల ఎడం కావాలి.

మిగతా ఇమ్యూనిటీ చికిత్సల దగ్గరే జాగ్రత్త. మీ ఆయన తెల్లకణాలు నీకెక్కించే ఎల్‌ఐటీని అమెరికా ఎఫ్‌డీఏ 2002లో పరిశోధనల బయట వద్దంది. 1999 నాటి ట్రయల్‌లో మేలేమీ కనపడలేదు. అది రక్తం ఎక్కించడం లాంటిదే: హెపటైటిస్, హెచ్‌ఐవీ భయం ఉంది. పైగా నీ ఒంట్లో పుట్టే యాంటీబాడీలు తర్వాతి బిడ్డ ప్లేట్‌లెట్లను దెబ్బతీయొచ్చు. నీ రక్తం నెగెటివ్ గ్రూపూ, ఆయనది పాజిటివ్ గ్రూపూ అయితే అసలే వద్దు.

సెలైన్‌లా ఎక్కించే కొవ్వు మందు ఇంట్రాలిపిడ్‌లో సోయా నూనె, గుడ్డు పచ్చసొన ఉంటాయి, అలర్జీ ఉంటే ప్రమాదం. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్‌తో షుగరు, బీపీ పెరగొచ్చు. దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు ఐవీఐజీతో తలనొప్పి, అరుదుగా రక్తం గడ్డలు. నాలుగు, అంతకుమించి గర్భాలు పోయినవాళ్లకు పెద్ద మోతాదు ఐవీఐజీ కొంత పనిచేసినట్టు 2022లో జపాన్ ట్రయల్ చూపింది. నీ లెక్క ఇంకా మూడే. ఇక ఎన్‌కే కణాల (ఒంటిని కాపాడే ఒకరకం తెల్లకణాలు) పరీక్షంటావా, చేతి రక్తంలో ఉన్నవీ గర్భసంచిలో ఉన్నవీ ఒకటి కావు, ఆ ఫలితంతో గర్భసంచి సంగతి తేలదు.

ఫైలు పట్టుకుని విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ గైనిక్ ఓపీలో రెండో అభిప్రాయం అడుగు. మళ్లీ పోయిందంటే (అలా జరగకూడదులే) పడిన గర్భం ముక్కను ఫార్మలిన్‌లో వేయనివ్వకు, సెలైన్‌లో క్రోమోజోమ్ పరీక్షకు పంపమను.

పిన్ని