బోరు నీళ్లలో యురేనియం: 30 చూడాలా, 60 చూడాలా?

ప్రశ్న: మాది బెంగళూరు పక్కన హొసకోట తాలూకా. 1,100 అడుగుల బోరు. నీళ్లు టెస్ట్ చేయిస్తే లీటరుకు 48 మైక్రోగ్రాముల యురేనియం ఉందని వచ్చింది. ల్యాబ్ వాళ్లు 60 లోపే కదా, పర్వాలేదన్నారు. మా అబ్బాయేమో 30 దాటింది, తాగొద్దంటాడు. మా నాలుగు ఆవులూ ఈ నీళ్లే తాగుతాయి. ఎవరి మాట వినాలి సార్?
– ఒక పాడి రైతు

జవాబు: తాగే నీళ్ల వరకు మీ అబ్బాయి మాటే వినండి. అలాగని ల్యాబ్ వాళ్లు లేని అంకె చెప్పలేదు. 60 అన్నది అణుశక్తి నియంత్రణ మండలి రేడియేషన్ లెక్కన పెట్టిన పరిమితి. 30 ప్రపంచ ఆరోగ్య సంస్థది, తర్వాత మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ కూడా అదే పెట్టింది. అది కిడ్నీల లెక్క. యురేనియం అనగానే అందరికీ బాంబు గుర్తొస్తుంది. మీ గ్రానైటు రాళ్లలోంచి కరిగి వచ్చేది మాత్రం రేడియేషన్‌ను చాలా నిదానంగా విడిచే రకం. దానికంటే ముందు, సీసం లాగే భారలోహంగా కిడ్నీలను దెబ్బతీస్తుంది.

తాగునీటి వల్ల ఏడాదికి 0.1 మిల్లీసీవర్ట్ (ఒంటికి అందే రేడియేషన్‌ను కొలిచే లెక్క) రేడియేషన్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. నేల, గాలి, తిండి, ఆకాశం నుంచి మనిషికి ఎలాగూ అందేదే ప్రపంచ సగటున 2.4. రోజుకు 2 లీటర్లు తాగినా, మీ నీళ్లలోని యురేనియం ఒక్కదానితో ఆ 0.1 చేరదు.

ఇక ఆ 30 కూడా మొదటి నుంచీ ఉన్నది కాదు. 1998లో 2 అన్నారు, 2004లో 15, 2011లో 30. మొదట ఎలుకల మీద చేసిన ప్రయోగాల అంకెను జాగ్రత్త కోసం బాగా తగ్గించి పెట్టారు. ఫిన్లాండ్‌లో అలాంటి బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్లను పరిశీలించాక సడలించారు. ఇప్పటికీ దాన్ని తాత్కాలిక విలువ అనే అంటారు. కాబట్టి ఇన్నాళ్లూ తాగేశామే అని టెన్షన్ పడకండి, ఇకపై మార్చుకోండి.

కాచితే యురేనియం పోదు. నీళ్లు ఆవిరై, మిగిలినవి ఇంకాస్త చిక్కబడతాయి. ఆర్‌ఓ మాత్రం బాగా తీసేస్తుంది. అయితే మీ వైపు చాలా ఇళ్లలో ఆర్‌ఓ నుంచి వచ్చే వృథా నీటి పైపును పారేయడం దేనికని ఆవుల తొట్టిలోకి తిప్పుతారు. నాకు అదే భయం. 3 లీటర్లు పోస్తే 1 లీటరు మంచినీళ్లు వచ్చే మిషన్ అయితే, మిగతా 2 లీటర్లలో లీటరుకు సుమారు 72 మైక్రోగ్రాములు చేరతాయి. అవి కొట్టం కడగడానికి వాడండి. ఆవులకు బోరు నీళ్లే పెట్టండి. అవి తాగిన యురేనియంలో ఎక్కువ భాగం పేడలోనే పోతుంది, పాలలోకి వచ్చేది చాలా స్వల్పం.

ఎండాకాలంలో మళ్లీ ఒకసారి టెస్ట్ చేయించండి, నీటిమట్టంతో పాటు అంకె మారొచ్చు. రిపోర్టులో ఈసారి 0.048 మిల్లీగ్రాములు అని రాసినా, 48 పీపీబీ అని రాసినా కంగారు పడకండి, అదీ ఇదీ ఒకటే.